ల్యాప్‌టాప్ స్పీకర్లకి నాలుగు వేలు: వూఫర్ కావాలా, వద్దా?

బెల్లందూరు_బాచి:
బెంగళూరులో సింగిల్ రూమ్. ల్యాప్‌టాప్‌లో పాట పెడితే రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుంది. బడ్జెట్ నాలుగు వేలు, లాగితే నాలుగున్నర. పాటలు ఎక్కువ వింటాను, శని ఆదివారాలు సినిమాలు. రెండు స్పీకర్లు సరిపోతాయా, వాటితో పాటు బేస్ కోసం విడిగా వూఫర్ డబ్బా ఉన్న 2.1 సెట్ తీసుకోవాలా? మొన్న ఎస్పీ రోడ్డులో ఒక షాపాయన అట్టపెట్టె మీద 5000 వాట్స్ అని చూపించి రెండు వేలకే ఇస్తానన్నాడు. తీసుకోమంటారా?

పాతపాటల_పంతులు:
అయిదు హెచ్‌పీ బోరు మోటారే 3700 వాట్లండి, మీ టేబుల్ మీద డబ్బా 5000 ఎలా అవుతుంది? అది పీఎంపీఓ లెక్క, అంటే ఒక్క క్షణం మాత్రం రాగల గరిష్ఠ శక్తి అని చెప్పుకునేది. దానికి ఒక ప్రమాణమంటూ లేదు, ఎవరికి తోచిన అంకె వాళ్లు అచ్చేసుకుంటారు. ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే శక్తి) ఎంతో చూడండి. యూఎస్‌బీ మీద నడిచేదయితే ఇంకా తేలిక: మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టులు, అర ఆంపియర్, అంటే రెండున్నర వాట్లు. లోపలికి రానిది బయటికి ఎక్కడ నుంచి వస్తుంది? నా మాట వింటే రెండు స్పీకర్లే తీసుకోండి. క్రియేటివ్ పెబుల్ లాంటిది చాలు. ఆర్‌ఎంఎస్ 4.4 వాట్లని కంపెనీ మాట, పోర్టు లెక్కన అదీ ఎక్కువే, కానీ రెండడుగుల దూరంలో కూర్చునేవాడికి అంతకన్నా అక్కర్లేదు. వూఫర్ జోలికి మాత్రం పోవద్దు.

అడయార్_అన్న:
4.4 వాట్లా? మా మిక్సీ మూత అంతకన్నా గట్టిగా మోగుతుంది. ఆ స్పీకర్ 100 హెర్ట్జ్ (సెకనుకి వంద కంపనాలు, అంకె తగ్గేకొద్దీ స్వరం కిందికి) నుంచే పలుకుతుందని కంపెనీ వాళ్లే రాసుకున్నారు. బేస్ గిటార్ కింది తీగ 41. ఇళయరాజా పాటల్లో సగం అందం ఆ బేస్ గిటార్ నడకలో ఉంటుంది, దాన్ని కోసేసి పాట విన్నామనుకోవడం తాలింపు పెట్టని పప్పుచారు తాగడమే. 2.1 తీసుకోండి బాచి గారూ. చెన్నై వచ్చే పనుంటే రిచీ స్ట్రీట్‌లో నాలుగు మోగించి విని మరీ కొనుక్కోవచ్చు.

నెల్లూరు_చేప:
ఒక బ్లూటూత్ డబ్బా కొనేయండి, గొడవ వదిలిపోతుంది.

పాతపాటల_పంతులు:
చేప గారూ, ఒకే డబ్బాలో జానెడు ఎడంలో రెండు స్పీకర్లు పెడితే స్టీరియో (కుడి ఎడమ ధ్వనులు విడివిడిగా వినపడడం) అవ్వదు. సినిమా చూస్తే ఒక్కోసారి పెదాలు ముందు, మాట తర్వాత.
అడయార్ గారికి: 41 హెర్ట్జ్ స్వరం ఒక్కటే రాదండి, దాని వెంట 82, 123 కూడా వస్తాయి. పై స్వరాలు వింటే కింది స్వరాన్ని మెదడే పూరించుకుంటుంది. తెలిసి మాట్లాడండి.

అడయార్_అన్న:
అయితే అన్నం కూడా వాసన చూసి ఊరుకుందాం, కడుపు మెదడే నింపుతుంది. ఇంకో మాట. మీ పేరే పాతపాటలు. ఘంటసాల గారు 1974లో వెళ్లిపోయారు, ఆ కాలం సినిమా పాటలు దాదాపు అన్నీ మోనో, అంటే రెండు పక్కలా ఒకే ధ్వని. మోనోకి రెండు స్పీకర్లెందుకు, ఒకటి చాలదా? మీరు స్టీరియో గురించి క్లాసు పీకుతున్నారు!

పాతపాటల_పంతులు:
రెండూ సమాన దూరంలో, చెవి ఎత్తుకి తిప్పి పెట్టి మోనో పాట వినండి, గొంతు సరిగ్గా మధ్యలో ఎదురుగా కూర్చుని పాడినట్టుంటుంది. వినే ఓపిక ఉండాలి. దబ్ దబ్ మనడమే సంగీతమనుకునేవాళ్లకి చెప్పి లాభం లేదు.

అడయార్_అన్న:
ఏం, నీకొక్కడికే చెవులున్నాయా?

పాతపాటల_పంతులు:
‘నువ్వు’ అంటావేంటి? మర్యాద ఉండాలి.

రేణిగుంట_జంక్షన్:
బాచి పారిపోయినట్టున్నాడు 😄

పాతపాటల_పంతులు:
సరే, ఉన్నమాట చెప్తాను. మారతహళ్లిలో మా గోడకి అవతలి ఫ్లాట్‌లో నలుగురు కుర్రాళ్లు, ఒక వూఫర్. రాత్రి పదకొండున్నరకి మొదలు. పాట వినపడదు, మాట వినపడదు, దబ్ దబ్ మాత్రం గోడ దాటి మంచం దాకా వస్తుంది, సన్న శబ్దాలని గోడ ఆపుతుంది కానీ దాన్ని ఆపదు. మా అమ్మాయి టెన్త్ పరీక్షలు మొత్తం వంటింట్లో కూర్చుని చదువుకుంది. మూడుసార్లు వెళ్లి అడిగాను. "అంకుల్, వాల్యూమ్ పదే పెట్టాం" అన్నారు. పదో పన్నెండో నాకెందుకు?

అడయార్_అన్న:
అదీ సంగతి. ఇది ముందే చెప్తే సరిపోయేది కదా, హెర్ట్జ్ లెక్కలెందుకు.
నాదీ చెప్తా. మా నాన్నగారికి 78. మృదంగం వాయించేవారు. వయసుకి సన్నటి శబ్దాలు ముందు పోయాయి, రెండు చిన్న స్పీకర్లలో పెడితే "ఏదో గొణుగుతోందిరా" అనేవారు. వూఫర్ పెట్టాక కుర్చీలో కాలు తాళం వేస్తోంది. ఇంకెవరైనా వూఫర్ దండగ అంటే నాకు మండుతుంది. ‘నువ్వు’ అన్నందుకు సారీ.

పాతపాటల_పంతులు:
నాన్నగారి సంగతి వేరు. అయినా వూఫర్ నేల మీద పెట్టారా? కింద ఎవరుంటారు?

అడయార్_అన్న:
సొంతిల్లు. కింద కారు.

పాతపాటల_పంతులు:
కారు ఫిర్యాదు చేయదు కాబట్టి మీరు గెలిచారు. అద్దెకుండేవాడికి ఆ సలహా ఇవ్వకండి.

బెల్లందూరు_బాచి:
పారిపోలేదు, ఆఫీసులో రిలీజ్. చెప్పడం మర్చిపోయా, ఓనర్ గారు కింది పోర్షన్‌లోనే ఉంటారు.

పాతపాటల_పంతులు:
ఇది మొదటి లైన్లో రాయాల్సిందయ్యా!

బెల్లందూరు_బాచి:
వారం తర్వాత వచ్చా. ఆ చిన్న రెండు స్పీకర్లే కొన్నా, గొంతు నిజంగానే మధ్యలో వినిపిస్తోంది, బేస్ మాత్రం అన్న చెప్పినంతే, లేదు. కానీ ల్యాప్‌టాప్ ఛార్జర్ పెడితే గుయ్ మంటోంది. పాడైనది ఇచ్చారా?

అడయార్_అన్న:
ఛార్జర్ పీకి చూడు. పోయిందా? అయితే స్పీకర్ బాగానే ఉంది, అది గ్రౌండ్ లూప్, అంటే యూఎస్‌బీ తీగ, ఆడియో తీగ రెండూ ల్యాప్‌టాప్‌కే ఉండడం వల్ల వచ్చే మోత. స్పీకర్ యూఎస్‌బీ ల్యాప్‌టాప్‌కి కాకుండా ఫోన్ ఛార్జర్‌కి పెట్టు, ఆడియో పిన్ మాత్రం ల్యాప్‌టాప్‌కి.

బెల్లందూరు_బాచి:
పోయింది! థాంక్స్ అన్నా.

పాతపాటల_పంతులు:
ఈ ఒక్కటి బాగా చెప్పారు.

అడయార్_అన్న:
వూఫర్ ఉంటే ఆ గుయ్ ఓనర్ గారి మంచం దాకా వెళ్లేది. అదొక్కటీ ఒప్పుకుంటా.