మూకీ సాహస చిత్రాల డిస్కులు కొనాలా, నెట్‌లో చూస్తే చాలదా?

రీలుపెట్టె:
మా ఇంట్లో దీని మీదే గొడవ. డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ నటించిన ‘ది బ్లాక్ పైరేట్’ (1926) బ్లూరే తెప్పించుకున్నాను. నెట్‌లో ఊరికే దొరికేదానికి డబ్బెందుకు తగలేశావని తమ్ముడి కోపం. ఇప్పటికి నాలుగుసార్లు చూశాను. ఓడ తెరచాప పైభాగంలో బాకు గుచ్చి, గుడ్డ సర్రున చీలుతుంటే ఆ పిడి పట్టుకుని కిందికి జారతాడు. అక్కడ మాటలు లేని లోటే తెలియదు. మీరేమంటారు?

నేలటికెట్టు:
మీ తమ్ముడి మాటే నాదీనండి. ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ (1924) నేను ఫోన్‌లోనే చూశాను, ఎగిరే తివాచీ దగ్గర మా పాప చప్పట్లు కొట్టింది. అంతకంటే ఏం కావాలి? విదేశీ డిస్కులకు షిప్పింగ్, కస్టమ్స్ కలిపితే తడిసి మోపెడవుతుంది.

పాతబొమ్మ:
పాప చప్పట్లు కొట్టిందంటే సంతోషమే. కానీ మీరు చూసిన కాపీ ఎలాంటిదో గమనించారా? అప్పట్లో కెమెరా చేత్తో తిప్పేవారు. చాలా సినిమాలకు ఇప్పటిలా సెకనుకు 24 ఫ్రేములు (బొమ్మలు) ఉండవు, తక్కువే. వాటిని 24తో ఆడిస్తే వేగం పెరిగి కత్తియుద్ధం కాస్తా కోతిగంతులవుతుంది. రాత్రి సీన్లకు నీలం, మంటలకు ఎరుపు అద్దేవారు. నెట్‌లోని చాలా కాపీల్లో ఆ రంగులు పోయాయి. ‘బ్లాక్ పైరేట్’ అయితే మొత్తం టెక్నికలర్ అనే రెండు రంగుల పద్ధతిలో తీసిన సినిమా. దాన్ని నలుపు తెలుపులో చూస్తే సగం చూసినట్టే.

అలాగని ప్రతి డిస్కూ మంచిది కాదు. ఒకసారి ఆన్‌లైన్‌లో కొన్నదాంట్లో నెట్ కాపీనే ఎక్కించి పంపారు. ఏ ప్రింటు నుంచి బాగుచేశారో రాసి ఉంటేనే కొనండి.

నేలటికెట్టు:
వేగం సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. అయినా మన అల్మారాలో డిస్కు పెట్టుకుంటే సినిమా బతుకుతుందా? అది పాత సినిమాలు భద్రపరిచే ఆర్కైవుల పని.

రీలుపెట్టె:
ఆర్కైవులూ కాపాడలేకపోయినవి ఎన్నో. 1912–29 మధ్య అమెరికాలో తీసిన సుమారు 11,000 మూకీ కథాచిత్రాల్లో మొదట విడుదలైన రూపంలో మిగిలినవి 14 శాతమేనని 2013లో అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ లెక్క తేల్చింది. మన రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ (1921) గురించి చదువుకోవడమే తప్ప చూసే భాగ్యం లేదు. బాగుచేసిన ప్రింటుకు కొనేవాళ్లుంటేనే ఇంకో సినిమాకు డబ్బు పెడతారు. అందుకే కొంటున్నాను.

నేలటికెట్టు:
సరే, ‘బాగ్దాద్’కి రంగులద్దిన మంచి ప్రింటు ఎందులో ఉందో చెప్పండి. ఈసారి పాపకు పెద్ద తెర మీద చూపిస్తాను.