రిమోట్ బొమ్మ యుద్ధ ట్యాంకు నడుస్తూ మధ్యలో మొండికేస్తోంది, ఎవరికైనా ఇలా అయిందా?

టరెట్ ప్రేమికుడు: 1/16 సైజు ట్యాంకు. పది నిమిషాలు చక్కగా నడుస్తుంది. తర్వాత కార్పెట్ మీద ఉన్నచోటే గిర్రున తిప్పితే ఆగిపోతుంది. రిమోట్ లైటు వెలుగుతూనే ఉంటుంది. రెండు మూడు సెకన్లకు ఇంజిన్ స్టార్టయ్యే శబ్దం మళ్లీ మొదటి నుంచి వస్తుంది. రిమోట్ బ్యాటరీలు కొత్తవే, బైండింగ్ (రిమోట్‌ను రిసీవర్‌తో జత కలపడం) రెండుసార్లు చేశాను. ఇంజిన్ పొగలా వదిలే పొగ యూనిట్ కూడా పనిచేయడం లేదు.

పాత రేడియో 27: యాంటెన్నా చూడండి. నాది మెటల్ హల్ (ట్యాంకు ఒళ్లు), వైరు లోపల చుట్ట చుట్టి పెట్టేశాను. నాలుగడుగులు దాటితే పలికేది కాదు. 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్ వైరు చివర తొడుగు లేని ముక్క 3 సెంటీమీటర్లే, అది లోహానికి ఎడంగా ఉండాలి. 27 మెగాహెర్ట్జ్ రోజుల్లో పక్కవాడిదీ అదే క్రిస్టల్ (ఫ్రీక్వెన్సీని నిర్ణయించే ముక్క) అయితే వాడు స్టిక్ తోస్తే మన బండి కదిలేది!

లైపో వీరుడు: ఆ 7.2 వోల్టుల నికెల్ ప్యాక్ తీసేసి రెండు సెల్స్ లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) వేయండి. నేను మార్చాక ఒక్కసారి కూడా ఆగలేదు.

సోల్డర్ పొగ: కొత్తవాళ్లకు ఆ సలహా ఇవ్వొద్దు. చాలా ట్యాంకు కంట్రోల్ బోర్డుల్లో లైపో కటాఫ్ (వోల్టేజీ మరీ తగ్గితే ఆపేసే ఏర్పాటు) ఉండదు. సెల్ 3 వోల్టుల కిందికి దిగితే పాడైనట్టే. నాది హల్‌లోనే దిండులా ఉబ్బింది. బయటికి తీసేదాకా చేతులు వణికాయి.

లైపో వీరుడు: వోల్టేజీ తగ్గితే మోగే అలారం పెట్టుకోకపోవడం మీ తప్పు, బ్యాటరీది కాదు.

సోల్డర్ పొగ: ట్యాంకు శబ్దంలో, అదీ మూత కింద, అలారం వినిపిస్తుందా? ఇల్లు తగలబడితే మీరొచ్చి ఆర్పుతారా?

లైపో వీరుడు: నికెల్ వాళ్లందరిదీ ఇదే పాట. ఛార్జర్ వాడటం నేర్చుకోండి ముందు.

బెంచ్ మాస్టర్: ఇద్దరూ ఆగండి. పన్నెండేళ్లుగా ఈ బోర్డులే బాగుచేస్తున్నాను. స్టార్ట్ శబ్దం మళ్లీ వస్తోందని ఆయన రాశారు, ఒక్కరైనా చదివారా? ఊరికే సిగ్నల్ పోతే బోర్డు మళ్లీ స్టార్ట్ కాదు. కరెంటు అందక రీసెట్ అవుతోంది. ఉన్నచోట తిప్పితే ట్రాకులు (చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టీలు) అడ్డంగా రాసుకుంటాయి, మోటార్లు కరెంటు విపరీతంగా లాగుతాయి, వోల్టేజీ పడిపోతుంది. తిప్పుతున్నప్పుడే బ్యాటరీ దగ్గరొకసారి, బోర్డు దగ్గరొకసారి మల్టీమీటర్ పెట్టండి. తేడా వస్తే దోషం మధ్యలోనే ఉంది.

ఇనుప ట్రాకు: మెటల్ ట్రాకులు బిగుతుగా ఉన్నా ఇంతే. నేను రెండు లింకులు పెంచి కాస్త వేలాడేలా పెట్టాను, మోటారు వేడెక్కడం తగ్గింది. స్ప్రాకెట్ (ట్రాకును తిప్పే పళ్ల చక్రం) వెనక షాఫ్ట్‌కు కార్పెట్ దారం చుట్టుకుందేమో కూడా చూడండి. నాకైతే పిడికెడు వచ్చింది, ట్వీజర్‌తో గంట పట్టింది.

పాత రేడియో 27: మెటల్ ట్రాకులకు ప్లాస్టిక్ గేర్‌బాక్స్ ఆగుతుందా? నాది పళ్లు అరిగిపోయాయి.

ఇనుప ట్రాకు: ఆగదు, అదీ మార్చాలి. గ్రీజు పల్చగా వేయండి.

టరెట్ ప్రేమికుడు: మాస్టర్ గారూ, దొరికింది! తిప్పేటప్పుడు బ్యాటరీ దగ్గర 7.1, బోర్డు దగ్గర 4.8. కనెక్టర్ లాగి చూస్తే ఒక పిన్ వదులై, దాని చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి మెత్తబడింది. వాసన కూడా వచ్చింది. రెండువైపులా కొత్తది సోల్డర్ చేశాను. అదే కార్పెట్ మీద ఇరవై నిమిషాలు తిప్పినా ఆగలేదు. రాత్రి హాయిగా నిద్రపట్టింది.

బెంచ్ మాస్టర్: సంతోషం. సోల్డర్ చేసినచోట హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే తొడుగు) మర్చిపోకండి.

లైపో వీరుడు: లైపో వేసినా ఆ కనెక్టర్ కాలిపోయేదే, ఒప్పుకుంటున్నాను. కానీ నికెల్ కంటే లైపోనే మేలు.

సోల్డర్ పొగ: మళ్లీ మొదలు.

టరెట్ ప్రేమికుడు: పొగ యూనిట్ సంగతి ఎవరూ చెప్పలేదండీ. నూనె వేశాను, చిన్న ఫ్యాన్ తిరుగుతోంది, పొగ మాత్రం లేదు.

ఇనుప ట్రాకు: హీటర్ తీగ తెగి ఉంటుంది. నూనె లేకుండా ఎప్పుడైనా ఆన్ చేశారా?