పాప రోబోటిక్స్ టీంలో చేరతానంటోంది, అనంతపురం నుంచి డాలస్ వస్తున్నాం

అనంతపురం:
అందరికీ నమస్కారం. జూన్ నెలాఖరుకు మేము డాలస్ పక్కకు వస్తున్నాం. మా ఆయనకు హెచ్-1బీ వచ్చింది, నేనూ పాపా హెచ్-4 (ఆయన మీద ఆధారపడ్డ కుటుంబానికిచ్చే వీసా) మీద వస్తాం. పాపకు ఇక్కడ తొమ్మిదో తరగతి అయిపోయింది, ఆగస్టులో అక్కడ టెన్త్ గ్రేడ్‌లో చేరుతుంది. స్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్‌లో రెండేళ్లు ఆర్డుయినో అనే చిన్న కంట్రోల్ బోర్డు మీద పని చేసింది. మా నాన్నకు పాతూరులో బోరు మోటర్లు రీవైండింగ్ చేసే షాపుంది, సెలవులొస్తే పాప అక్కడే ఉంటుంది. అమెరికాలో హైస్కూల్ రోబోటిక్స్ టీంలో చేరాలని పట్టుబట్టి కూర్చుంది. ఎలా చేర్చాలి? ఖర్చెంత? మేమేం చేయాలి? నేను తెలుగు టీచర్ని, మిషన్ల సంగతి నాకు తెలియదు. చదువు దెబ్బతింటుందేమోనని మా ఆయనకు టెన్షన్.

ఆదోని:
అమ్మా, ముందు ఇల్లు చూసుకునేటప్పుడే ఆ స్కూల్లో ఏ టీం ఉందో కనుక్కోండి. రోబోటిక్స్ అని అందరూ ఒకే మాట వాడతారు గానీ అవి వేర్వేరు పోటీలు. ఫస్ట్ అనే సంస్థను డీన్ కామెన్ 1989లో పెట్టారు, 1992లో 28 జట్లతో మొదటి పోటీ జరిగింది. అందులో పెద్దది ఎఫ్‌ఆర్‌సీ (ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్), యాభై కిలోలకు పైగా బరువుండే రోబో. ఎఫ్‌టీసీ (ఫస్ట్ టెక్ ఛాలెంజ్) చిన్నది, మొదలుపెట్టేటప్పుడు రోబో 18 అంగుళాల పెట్టెలో పట్టాలి, టీంలో 15 మందికి మించకూడదు. వెక్స్ అనే పోటీ వేరే సంస్థది. రోబోలు ఆ ఏడాది ఆడాల్సిన ఆటను ముందే చెప్తారు: ఎఫ్‌టీసీ ఆట సెప్టెంబరులో, ఎఫ్‌ఆర్‌సీ ఆట జనవరి మొదట్లో ప్రకటిస్తారు.

జనవరిలో కదా అని ఆగకండి, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా. మా పెద్దవాణ్ని డిసెంబరులో తీసుకెళ్తే, అప్పటికే ఎవరి పని వాళ్లకు పంచేశారు. ఆ ఏడాదంతా వాడు మూలన నిలబడి చూశాడు. స్కూలు తెరిచిన మొదటి రెండు వారాల్లో క్లబ్బులన్నీ బల్లలు వేసుకుని కూర్చుంటాయి. పాపే వెళ్లి, ‘నాకు సోల్డరింగ్ వచ్చు, మోటర్ విప్పి చుట్టడం చూశాను’ అని చెప్పాలి. మీరు పక్కన నిలబడి ఆమె తరఫున మాట్లాడొద్దు.

వైరింగ్ నీటుగా చేసే పిల్లలు ఏ టీంకైనా తక్కువే. ఎఫ్‌ఆర్‌సీ రోబోలో మోటర్లకు సంకేతాలు పసుపు, ఆకుపచ్చ తీగల జంట మీద ఒకదాని నుంచి ఒకదానికి వెళ్తాయి. మధ్యలో ఒక్క చోట తీగ వదులైతే దాని తర్వాతవన్నీ ఆగిపోతాయి. దాదాపు రెండున్నర నిమిషాల ఆటలో అలా ఆగిపోతే ఇక చేసేదేమీ ఉండదు. తీగ బిగించాక గట్టిగా లాగి చూసే అలవాటు పాపకు తాత దగ్గరే అయ్యుంటుంది. అది అక్కడ చాలా పనికొస్తుంది.

ఖర్చంటారా, ఎఫ్‌ఆర్‌సీకి టీం కట్టే ఫీజే దాదాపు 6,000 డాలర్లు. అది ఇంటికొకరు కట్టేది కాదు, స్పాన్సర్ల దగ్గర తెస్తారు. మా దగ్గర ఒక్కో పిల్లాడికి ఏడాదికి 350 తీసుకున్నారు. కష్టమైతే కోచ్‌కు విడిగా చెప్పండి, తగ్గిస్తారు. మీ ఆయన కంపెనీలో కూడా అడగమనండి. ఉద్యోగి వాలంటీర్‌గా పనిచేసిన గంటలకు కొన్ని కంపెనీలు విరాళం ఇస్తాయి, మైక్రోసాఫ్ట్ గంటకు 25 డాలర్లు ఇస్తుంది.

చదువు గురించి భయం వద్దు. టెక్సస్‌లో మామూలు సబ్జెక్టు దేనిలోనైనా 70 కంటే తగ్గితే కనీసం మూడు వారాలు పోటీల్లో పాల్గొననివ్వరు. ఆ భయంతోనే మావాడు కెమిస్ట్రీ చదివాడు.

ప్రొద్దుటూరు:
చెల్లెమ్మా, అన్న టీం సంగతి చెప్పాడు, నేను ఇంటి సంగతి చెప్తా. ఎందుకంటే మేము దెబ్బతిన్నది అక్కడే.

స్కూల్ వర్క్‌షాప్ ఏడింటికి మూసేస్తారు. ఫిబ్రవరిలో పిల్లలకు ప్రాక్టీస్ చేసుకోవడానికి చెక్కతో ఆట సామాను కావాలి. మాది అద్దె ఇల్లు, రెండు కార్ల గ్యారేజీ. ‘మా ఇంట్లో చేసుకోండిరా’ అన్నాను. నలుగురు పిల్లలు, ప్లైవుడ్, రంపం, రంగు డబ్బాలు. రాత్రి తొమ్మిదింటికల్లా ఆపేసేవాళ్లు, రోజూ ఊడ్చేవాళ్లు కూడా. రెండో వారంలోనే కాలనీ అసోసియేషన్ నుంచి ఉత్తరం వచ్చింది. గ్యారేజీ తలుపు తెరిచి పెడుతున్నారు, శబ్దం చేస్తున్నారు అని. ఇంటి ఓనరు చెప్పకుండా వచ్చి ఫోటోలు తీసుకుని, ‘మీరిక్కడ వ్యాపారం నడుపుతున్నారు’ అన్నాడు. స్కూల్ పిల్లలయ్యా అని కోచ్ ఉత్తరం చూపించినా వినలేదు. అగ్రిమెంటు తీసి చూస్తే, గ్యారేజీ వాహనాలకు మాత్రమే అని పదకొండో పేజీలో ఉంది. మేము సంతకం పెట్టేటప్పుడు అద్దె ఎంత, ఎప్పుడు కట్టాలి అనే రెండు పేజీలే చదివాం.

ఆ పిల్లల ముందు వాడు గట్టిగా అరిచిన రోజు మా అబ్బాయి అన్నం తినలేదు.

ఖాళీ చేశాక 2,200 అడ్వాన్సులో 1,400 పట్టుకున్నాడు, నేలంతా కొత్తగా పూత వేయించాలని. చేరిన రోజు గ్యారేజీ ఫోటోలు మా దగ్గర లేవు. మేము కొత్త అడ్రసు రాతపూర్వకంగా ఇచ్చి ఉన్నాం. టెక్సస్‌లో ఖాళీ చేసిన 30 రోజుల్లో అడ్వాన్సు గానీ, దేనికెంత పట్టుకున్నారో పట్టీ గానీ ఇవ్వాలి. వాడు రెండూ చేయలేదు. ఉత్తరం మీద ఉత్తరం రాస్తే చివరికి 900 తిరిగొచ్చింది. నువ్వు మాత్రం చేరిన రోజే గ్యారేజీ నేల, గోడలు ఫోటో తీసిపెట్టుకో. పిల్లలను పిలిచే ముందు ఓనరు ఒప్పుకుంటున్నట్టు ఈమెయిల్‌లో తీసుకో.

నంద్యాల:
అక్కా, 30 రోజుల లెక్క అమెరికా అంతా ఒకటే, ఎవరికైనా అంతే. రోబోకు కూడా ఆరు వారాలే గడువు, తర్వాత సంచిలో పెట్టి సీల్ వేయాలి. ఆ ఆరు వారాలు పెద్దవాళ్లు దగ్గరుండి చేయిస్తేనే పని అవుతుంది. మా టీంలో డిజైన్ అంతా ఇంజనీర్ నాన్నలే చేశారు, రాష్ట్ర స్థాయికి వెళ్లాం.

ఆదోని:
తమ్ముడూ, ఆ సంచి పద్ధతి 2020 సీజన్ నుంచి లేదు. ఇప్పుడు పోటీ దాకా పని చేసుకోవచ్చు. అందుకే పిల్లలు మార్చి దాకా నిద్ర మానుకుంటున్నారు, దాని మీద తల్లిదండ్రులే ఓ కన్నేసి ఉంచాలి. అడ్వాన్సు విషయంలో కాలిఫోర్నియాలో 21 రోజులు, రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

నాన్నలు చేశారన్నావే, దానికి నేను ఒప్పుకోను. పోటీలో జడ్జీలు పిల్లలనే అడుగుతారు: ఈ చెయ్యి ఎందుకిలా పెట్టారు, ముందు ఏం చేసి చూశారు అని. తను చేయనిది పిల్ల ఏం చెప్తుంది?

నంద్యాల:
అన్నా, పెద్దవాళ్లు పక్కన లేకపోతే ఆ పిల్లలకు మిల్లింగ్ మిషన్ ఎవరు నేర్పుతారు? చూసి నేర్చుకోవడం కూడా చదువే. మీ ఊళ్లో లేత్ పని నేర్చుకున్నవాళ్లు ముందు రెండేళ్లు చూస్తూనే కదా నిలబడ్డారు.

ఆదోని:
నిలబడి చూశారు, నిజమే. కానీ మూడో ఏడు మేస్త్రి పనిముట్టు చేతికిచ్చాడు. నేనడిగేది అదే. నేర్పు, తర్వాత చేతులు వెనక్కి కట్టుకో.

కడప (పదకొండేళ్లు అక్కడుండి తిరిగొచ్చాం):
ఈ వాదన ఎప్పుడూ ఉండేదే. అమ్మా, మీకు మిషన్లు తెలియకపోయినా చేయాల్సినవి బోలెడు. మా ఆవిడ ఐదేళ్లు టీంకు భోజనం చూసింది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, బుడ్డలు (వేరుశెనగలు) వద్దు. మనకు చట్నీలో, చిత్రాన్నంలో, పొడిలో అన్నింట్లో శెనక్కాయలే. అక్కడ కొందరు పిల్లలకు వాటి పొడి తగిలినా ప్రాణం మీదికొస్తుంది. ఒకసారి ఉగ్గానిలో పుట్నాల పొడితో పాటు గుప్పెడు బుడ్డలు వేసింది, ఒక తల్లి పరుగున వచ్చి గిన్నె తీసి పక్కన పెట్టింది. ఆ రోజు నుంచి మేము ప్రతి గిన్నె మీదా ఏమేం వేశామో చీటీ రాసి అంటించాం.

వాలంటీరుగా చేరడానికి ఫారం ఇస్తారు, పాత రికార్డులు చూస్తారు. హెచ్-4 మీద సోషల్ సెక్యూరిటీ నంబరు లేదని మా ఆవిడ ఫారం కౌంటర్లో తిప్పి ఇచ్చేశారు. పాస్‌పోర్టు పట్టుకుని మళ్లీ వెళ్తే తీసుకున్నారు. ఒకసారి కాదన్నారని వదిలేయకండి. పాప టీంలో చేరడానికి మాత్రం వీసా అడ్డం కాదు. జీతమిచ్చే ఇంటర్న్‌షిప్ ఎవరైనా ఇస్తామంటే అది హెచ్-4 మీద కుదరదు, ముందే చెప్పండి.

పోటీకి వెళ్లినప్పుడు చెప్పులతో వెళ్తే రోబోలు పెట్టే చోటికి రానివ్వరు. వేళ్లు కప్పే బూట్లు, సేఫ్టీ కళ్లద్దాలు అందరికీ తప్పనిసరి. పాపకు పవర్ అద్దాలుంటే వాటి మీద పెట్టుకునేవి కొనండి. ఆట మొదలయ్యాక ప్రతి రోబోనూ చూసి రాసుకునే పని ఒకటుంటుంది, స్కౌటింగ్ అంటారు. కొత్త పిల్లలకు అదే మంచి దారి. ఈ ఆటలో ఎదురుగా ఉన్న టీం తర్వాతి ఆటలో మనతో కలిసి ఆడొచ్చు. అందుకే విడిభాగాలు ఎదుటివాళ్లకే ఇచ్చి ఆదుకోవడం అక్కడ మామూలు.

అనంతపురం:
అందరికీ దండాలు. మా ఆయన చేత అన్నీ చదివించాను, ఆ 70 మార్కుల సంగతి విని శాంతించారు. ఒకటే ప్రశ్న. మా నాన్న క్రింపింగ్ ప్లయర్ (తీగల కొసలకు క్లిప్పులు నొక్కి బిగించేది) ఒకటి, పన్నెండేళ్ల నాటిది, పాపకిచ్చారు. తీసుకొస్తానంటోంది. విమానంలో ఒప్పుకుంటారా?

ఆదోని:
చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి, చేతి సంచిలో వద్దు. పిడి మీద పాప పేరు చెక్కించండి. టీం డబ్బాలో కలిసిపోతే వెతుక్కోలేం. మీరు దిగాక ఒక శనివారం చెప్పండి, మా చిన్నదాని టీం దగ్గరికి పాపను తీసుకెళ్తాను.