ఎండిపోయిన ఇంకు పెన్నును ఇంట్లోనే కడిగి నింపుకోవడం: మీ అనుభవాలు చెప్పండి

గౌతమి_తీరం
అందరికీ నమస్కారం. మా నాన్నగారు రాజమండ్రిలో కొన్న నల్ల ఎబోనైట్ పెన్ను ఒకటి ఇప్పుడు నా దగ్గరకొచ్చింది. లోపల ఇంకు గట్టిగా ఎండిపోయింది. పాళీ (నిబ్) ఉన్న ముందు భాగం, తిప్పి బిగించే మరల దగ్గర బిగుసుకుపోయి తిరగడం లేదు. పాళీ మాత్రం నిక్షేపంలా ఉంది. దీంతో మళ్ళీ రాయాలని చాలా ఆశగా ఉంది. వేడినీళ్ళలో వేయమని ఒకరు, స్పిరిట్‌తో కడగమని ఇంకొకరు చెప్పారు. ఏది చేయాలి?

సిరాబుడ్డి
రెండూ వద్దండీ. ఎబోనైట్ అంటే గంధకం బాగా కలిపి గట్టిపరిచిన రబ్బరు. వేడినీళ్ళు తగిలితే నలుపు వెలిసిపోయి మట్టిరంగులోకి తిరుగుతుంది, గంధకం వాసన కూడా వస్తుంది. ఒకసారి వెలిసిందంటే మళ్ళీ పాలిష్ పట్టించాల్సిందే. ఇక స్పిరిట్ తగిలితే ప్లాస్టిక్, ఆక్రిలిక్ పెన్నులు పగుళ్ళిస్తాయి. ఏ పెన్నుకైనా సరే, ఆ అలవాటే వద్దు.

మామూలు చన్నీళ్ళు చాలు. చిన్న గ్లాసులో పాళీ కిందికి ఉండేలా నిలబెట్టి, మరల వరకే నీళ్ళు అందేలా చూడండి. అరగంటకోసారి తీసి తిప్పి చూడండి. అంతేగానీ రాత్రంతా నానబెట్టకండి, చన్నీళ్ళలోనైనా ఎక్కువసేపు ఉంటే ఎబోనైట్ మెరుపు పోతుంది. పట్టు జారుతుంటే పాత సైకిల్ ట్యూబు ముక్కలు రెండు వైపులా చుట్టి తిప్పండి. కటింగ్ ప్లేయరు మాత్రం దగ్గరకు రానివ్వకండి.

పాళీ_ప్రియ
సిరాబుడ్డి గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను పాత పెన్నులు చాలా కడిగాను, నీళ్ళకు కరగని మామూలు రాత ఇంకు నాకు దాదాపు ఎదురుకాలేదు. కావలసిందల్లా ఓపిక.

మర విడిపోయాక అసలు పని నాలికది. పాళీ కింద ఉండే నల్లటి ముక్కను మా ఇంట్లో నాలిక అంటాం, కొందరు ఫీడ్ అంటారు. దాని మీద సన్నటి గాడి ఉంటుంది. ఇంకు పాళీకి చేరేదీ, బదులుగా గాలి లోపలికి పోయేదీ ఆ గాడిలోంచే. ఎండిన ఇంకు అక్కడ పేరుకుంటే పెన్నులో ఎంత పోసినా రాయదు. చెవి కడిగే రబ్బరు బల్బు మందుల షాపులో దొరుకుతుంది. దాని మూతిని వెనకవైపు ఆనించి నీళ్ళు తోస్తే పాళీ లోంచి నీలంగా దూసుకొస్తాయి. మొదట చిక్కటి నీలం, తర్వాత లేత నీలం. ఇక తేట నీళ్ళే వస్తున్నాయని అనుకున్నాక పాళీని తెల్ల టిష్యూ మీద ఆనించి చూడండి. చివర సన్నటి నీలి మరక తేలిందంటే ఇంకా కడగాలి.

రాజమండ్రి పెన్నుల్లో పాళీ, నాలిక ఊరికే ఒత్తి బిగించి ఉంటాయి. రెంటినీ కలిపి వేళ్ళతో పట్టుకుని నిటారుగా లాగితే వస్తాయి. ఎక్కడా మెలిపెట్టకండి. గాడిని మెత్తటి టూత్‌బ్రష్షుతో రుద్దండి. గుండుసూది పెడితే గాడి వెడల్పయి, తర్వాత ఇంకు ఆగకుండా కారుతుంది.

అనకాపల్లి_మాస్టారు
రాజమండ్రి పెన్ను అనగానే ప్రాణం లేచొచ్చింది. స్వదేశీ ఉద్యమ రోజుల్లో కె.వి. రత్నం గారు అక్కడ పెన్నుల తయారీ మొదలుపెట్టారు. 1935లో గాంధీజీ ఆ పెన్ను వాడి, బాగుందని ఉత్తరం రాశారు. అలాంటి ఊరి పెన్నును మూలన పడేయకుండా కడిగి వాడుకుంటున్న మీకు అభినందనలు.

నింపడం గురించి చెప్తాను. మీది డ్రాపర్‌తో నేరుగా గొట్టంలో పోసే రకం అయి ఉండాలి. మర మీద సిలికాన్ గ్రీజు పలచగా రాయండి, ఇంకు మరల్లోంచి బయటికి రాదు. వ్యాజిలైన్ వాడేవాళ్ళున్నారు గానీ అది పెట్రోలియం సరుకు, రబ్బరుకు మంచిది కాదు. మర మొదలయ్యే చోటికి కాస్త కిందవరకే పోయండి, అంచు దాకా పోస్తే బిగించేటప్పుడు పొంగుతుంది.

ఇంకు మూడోవంతుకు తగ్గాక పెన్ను కక్కడం మొదలుపెడుతుంది. ఖాళీ చోటంతా గాలే కదా. చేతి వెచ్చదనానికి ఆ గాలి వ్యాకోచించి ఇంకును బయటికి తోసేస్తుంది. పరీక్ష మధ్యలో జవాబు పత్రం మీద పడే పెద్ద చుక్కకు కారణం ఇదే. అందుకే నా పిల్లలకు ఎప్పుడూ ఒకటే చెప్పేవాణ్ణి: సగానికి రాగానే నింపుకోండి, జేబులో పాళీ పైకి ఉండేలా పెట్టుకోండి అని.

డాలస్_తెలుగు
మాస్టారూ, విమానం ఎక్కేటప్పుడూ ఇదే సూత్రం. పైకెళ్ళాక క్యాబిన్‌లో గాలి ఒత్తిడి తగ్గి పెన్నులోని గాలి ఉబ్బుతుంది. నిండుగా నింపైనా ఉంచాలి, పూర్తిగా ఖాళీ చేసైనా ఉంచాలి. ఇండియా వచ్చేటప్పుడు నేను నిండుగా నింపి, పాళీ పైకి పెట్టి తెచ్చుకుంటాను.

నీళ్ళకు లొంగని మొండి ఇంకు అయితే ఇక్కడ మేం వాడే ద్రావణం: పది పాళ్ళ నీళ్ళకు ఒక పాలు ఇంట్లో వాడే అమ్మోనియా, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క. పది పదిహేను నిమిషాలు చాలు, తర్వాత మంచినీళ్ళతో బాగా కడగాలి. అల్యూమినియం, ఇత్తడి భాగాలున్న పెన్నులకు వద్దు. బ్లీచ్‌తో అయితే ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.

కొత్తపేట_కుర్రాడు
అన్నా, నా దగ్గర హీరో 616 ఇంకు పెన్ను ఉంది. విప్పాలా?

పాళీ_ప్రియ
వద్దు తమ్ముడూ. వెనక గొట్టం తీస్తే లోపల సంచి, దానిమీద నొక్కే రేకు కనిపిస్తాయి. పాళీ నీళ్ళలో ముంచి, నొక్కి వదులుతూ ఉంటే అదే కడుక్కుంటుంది. ఇంకు నింపేదీ అలాగే, కాకపోతే వదిలాక వెంటనే పైకి తీయకు. సంచి నెమ్మదిగా పీల్చుకుంటుంది, ఐదారు అంకెలు లెక్కపెట్టి తీయి. కార్ట్రిడ్జ్ (ఇంకు నింపి అమ్మే చిన్న గొట్టం) వేసే పెన్ను అయితే ఖాళీ అయిన గొట్టాన్నే సిరంజితో నింపుకోవచ్చు, కొత్త గొట్టం కొనక్కర్లేదు.

గౌతమి_తీరం
సైకిల్ ట్యూబు పట్టుతో మర వదిలింది! సిరాబుడ్డి గారికి, ప్రియ గారికి వేల దండాలు. నీలి నీళ్ళు ఇంకా వస్తున్నాయి. మాది బోరు నీళ్ళు, బకెట్ అంచున తెల్లగా పేరుకుంటుంది. పర్వాలేదా? ఏ ఇంకు పోయమంటారు?

సిరాబుడ్డి
బోరు నీళ్ళతో కడగండి గానీ ఆఖరిసారి మాత్రం ఆర్.ఓ. నీళ్ళో, ఇన్వర్టర్‌లో పోసే డిస్టిల్డ్ వాటరో వాడండి. లేకపోతే ఆరాక ఆ తెల్లటి సున్నమే గాడిలో కూర్చుంటుంది. తర్వాత టిష్యూ మీద పాళీ కిందికి పెట్టి ఒక రాత్రి ఆరనివ్వండి.

ఇంకు అంటే బ్రిల్, క్యామ్లిన్ వాళ్ళ మామూలు రాయల్ బ్లూ హాయిగా పోసుకోవచ్చు, సులభంగా కడుక్కోవచ్చు కూడా. డ్రాయింగ్ ఇంకు మాత్రం ముట్టుకోకండి. అందులో లక్క ఉంటుంది, ఎండితే ఇక నీళ్ళకు కరగదు. రెండు కంపెనీల ఇంకులు కలపకండి, ఒక్కోసారి విరిగి అడుగున మడ్డి తేలుతుంది. బుడ్డీలో తెల్ల నూగు కనబడితే బూజు పట్టినట్టే, పారేయండి.

నింపాక కూడా గీత తెగుతుంటే పాళీకి, నాలికకు మధ్య సందు ఉందేమో వెలుతురులో చూడండి. ఉంటే ఆ ఎబోనైట్ నాలికను విడిగా తీసి, దాన్ని మాత్రమే బాగా వేడి నీళ్ళలో అర నిమిషం ముంచి, పాళీ మీద ఆనించి వేళ్ళతో నొక్కి పట్టుకోండి. చల్లారేసరికి పాళీ వంపుకు అతుక్కుపోతుంది.