జాబ్ పోయింది, ఇన్సూరెన్స్ పోయింది: షుగర్ మందులు ఎట్లా కొంటున్నారు?

పానగల్లు_టెస్టర్:
అందరికీ నమస్తే. పదకొండేళ్లు పనిచేసిన కంపెనీ మొన్న నవంబర్‌లో మా టీమ్ మొత్తాన్ని తీసేసింది, హైదరాబాద్‌లో ఇల్లు ఖాళీ చేసి నల్లగొండకు వచ్చేశాం. జీతం రాదని తెలుసు, ఇన్సూరెన్స్ సంగతి మాత్రం మెడికల్ షాపులో బిల్లు కట్టేటప్పుడు గుర్తొచ్చింది. కంపెనీ పాలసీలో దవాఖానలో చేరకుండా అయ్యే (ఓపీ) ఖర్చులు కూడా ఉండేవి కాబట్టి అమ్మ షుగర్ గోలీలకు, నా సూదికి పెట్టిన డబ్బుల్లో దాదాపు సగం తిరిగొచ్చేవి. నాకు షుగర్ ఆరేళ్లుగా ఉంది. పోయిన జూన్‌లో 104 కిలోలున్నప్పుడు డాక్టర్ షుగర్‌ను, బరువును తగ్గించే మౌంజారో సూది మొదలుపెట్టారు, ఇప్పుడు 91. మూడు నెలల సగటు షుగర్ (HbA1c) 8.9 నుంచి 6.6కి దిగింది. వారానికొకటి 5 ఎంజీ, నెలకు నాలుగు సూదులు, అన్నీ కలిపి పదహారు వేలు దాటుతుంది. అమ్మవి ఇంకో మూడు వేలు. చేతిలో ఐదు నెలలకు సరిపడా డబ్బుంది. సూది రెండు వారాలకొకటి వేసుకుంటే నడుస్తుందా? లేక మొత్తం ఆపేయాలా? ఇట్లా ఇరుక్కున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

దేవరకొండ_మందులషాపు:
తమ్మీ, నీ సూది సంగతి తర్వాత, ముందు అమ్మ చీటీ తీయి. మూడు వేలు అవుతున్నాయంటే అందులో మూడు మందులు కలిపిన గోలీ ఒకటో రెండో ఉండి ఉంటాయి, కంపెనీ పేరుతో రాసి ఉంటారు. డాక్టర్ దగ్గరికి పోయి "సార్, మందు పేరుతో రాయండి, కలిపినవి విడివిడిగా రాయండి" అని అడుగు. అడిగితే చాలామంది రాస్తారు, మనమే మొహమాటపడతాం. చీటీలో లేనిది షాపువాడు తనంతట తాను మార్చి ఇవ్వకూడదు, అందుకే రాయించుకోవాలి. తర్వాత జన ఔషధి కేంద్రానికి (సర్కారు చవక మందుల షాపు) పో. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ అసలే చవక. సిటాగ్లిప్టిన్ పేటెంట్, అంటే ఒక్క కంపెనీకే ఉండే హక్కు, 2022లో అయిపోయింది. ఎంపాగ్లిఫ్లోజిన్ ఒక్క గోలీ అరవై రూపాయల దాకా ఉండేది, 2025 మార్చిలో పేటెంట్ పోగానే వేరే కంపెనీలవి పది రూపాయల చుట్టుపక్కలకు దిగాయి. నా షాపులో ఇప్పటికీ పాత బ్రాండే అడిగి తీసుకుపోయేవాళ్లున్నారు. చెప్తే వినరు, చవక గోలీ పనిచేయదంటారు. టెనెలిగ్లిప్టిన్ అనే షుగర్ గోలీ 2022 అత్యావశ్యక మందుల జాబితాలోకి వచ్చింది, కాబట్టి దాని ధర మీద ప్రభుత్వం పరిమితి ఉంది. అమ్మకు అది సరిపోతుందా అని కూడా అడుగు.

మిల్లు_మనిషి_మిర్యాలగూడ:
నాది వేరే కథ. రైస్ మిల్లులో పని, జీతం 21,000 లోపే కాబట్టి ఈఎస్ఐ ఉండేది. 2024 ఆగస్టులో మానేశాక కార్డు పనిచేయదనుకుని ఆరు నెలలు సొంత డబ్బులతో కొన్నా. తర్వాత ఒకాయన చెప్పాడు, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ మధ్యలో 78 రోజుల చందా పడితే తర్వాతి జనవరి నుంచి జూన్ దాకా వైద్యం ఉంటుందని. పోయి అడిగితే 2025 జూన్ దాకా మందులిచ్చారు. ఈఎస్ఐ ఉన్నవాళ్లెవరైనా జాబ్ మానేస్తే కార్డు పారేయకండి.

పాలమూరు_అక్క:
మా నాన్నకు షుగర్, బీపీ రెండూ. మా ఊరి పీహెచ్‌సీలో బీపీ, షుగర్ గోలీలు నెలకు సరిపడా ఉచితంగా ఇస్తారు, పుస్తకంలో రాసుకుంటారు. రక్తం అక్కడే తీసుకుని జిల్లా కేంద్రంలోని ల్యాబ్‌కు పంపిస్తారు, రిపోర్టు ఫోన్‌కు వస్తుంది, మూడు నెలల షుగర్ టెస్టుకు కూడా పైసా కట్టలేదు. ఒక్కోసారి గ్లిమిపిరైడ్ స్టాక్ ఉండదు, "వచ్చే వారం రండి" అంటారు. అందుకే పది రోజుల గోలీలు ఎప్పుడూ ఇంట్లో పక్కకు పెట్టుకుంటాం. ఆరోగ్యశ్రీని నమ్ముకుని గోలీలు కొనకుండా కూర్చోకండి, పది లక్షల దాకా ఉన్నా అది దవాఖానలో చేరితేనే. మా బాబాయి గోలీలు ఆపేసి వేలు తీసేసే దాకా తెచ్చుకున్నాడు, ఆ ఆపరేషన్ మాత్రం ఆరోగ్యశ్రీలోనే అయింది.

హుజూర్‌నగర్_కొడుకు:
ఇన్సులిన్ వేసుకునేవాళ్ల కోసం ఒక ముచ్చట చెప్పాలి. డబ్బులు మిగులుతాయని బాపును పెన్ను నుంచి సీసా ఇన్సులిన్‌కు మార్చాం. సీసా మీద 40 అని రాసి ఉంది, అంటే ఒక్క ఎంఎల్‌లో 40 యూనిట్లు. నేను కొన్న సిరంజిలేమో నారింజ మూతవి, అవి 100 యూనిట్ల ఇన్సులిన్‌కు వాడేవి. ఇరవై గీత దాకా లాగితే లోపలికి పోయింది ఎనిమిది యూనిట్లే. పది రోజులు పరగడుపు షుగర్ 350కి తగ్గలేదు, బాపు దొంగతనంగా బెల్లం తింటున్నాడని నేను కొట్లాడా. పాపం, ఆయన ఏమీ తినలేదు. 40 సీసాకు ఎర్ర మూత సిరంజే వాడాలి. తారుమారై 100 ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజిలో లాగితే రెండున్నర రెట్లు పోతుంది, మనిషి దక్కకపోవచ్చు. ఇంకోటి, మే నెలలో కరెంటు పోతే సీసాను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి రంజన్ (నీళ్ల కుండ) పక్కన తడి ఇసుకలో ఉంచుతాం.

జిమ్ము_మానేసినోడు:
నేనూ సూది మధ్యలో ఆపా, షుగర్ లేదు, బరువు కోసమే వేసుకున్నా. 7.5 మీద ఉండగా డబ్బుల్లేక రెండు నెలలు ఆపి, డబ్బులు రాగానే మళ్లీ అదే డోసు పొడిపించుకున్నా. రెండు రోజులు వాంతులు, సెలైన్ ఎక్కించుకోవాల్సి వచ్చింది. డాక్టర్ తిట్టారు, అంత గ్యాప్ వస్తే మళ్లీ 2.5 నుంచి మొదలుపెట్టాలట. ఇప్పుడు పూర్తిగా మానేశా, ఏడు కిలోలు వెనక్కొచ్చాయి. ఇట్లాంటిదే ఇంకో సూది మందు సెమాగ్లుటైడ్ మీద చేసిన స్టెప్ 1 పరిశోధనలో కూడా ఆపిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చిందంట, చదివాక నన్ను నేను తిట్టుకోవడం మానేశా. బిల్లు లేకుండా సగం ధరకు పెన్నులు ఇస్తామనేవాళ్లు కూడా తగిలారు. ఐస్ లేకుండా కవర్‌లో తెచ్చిస్తే అది మందో నీళ్లో ఎవరికి తెలుసు.

జొన్నరొట్టె_జిందాబాద్:
ఇవన్నీ ఎందుకు అన్నా, రెండు పూటలా జొన్నరొట్టె తింటే షుగర్ దానంతటదే పోతుంది.

పాలమూరు_అక్క:
తమ్ముడూ, మా నాన్న యాభై ఏళ్లు జొన్నరొట్టే తిన్నాడు. పూటకు ఐదు.

దేవరకొండ_మందులషాపు:
టెస్టర్ తమ్మీ, రెండు వారాలకొకటి అన్నావు కదా, అది నీ అంతట నువ్వు చేయకు. అది వారం మందు. వారానికొకటి తక్కువ డోసు చాలా, లేక ఆపి గోలీల మీద నడవచ్చా అన్నది నీ రిపోర్టులు చూసి డాక్టర్ చెప్పాలి. ఇంకో మాట. ఒజెంపిక్, వెగోవీల్లో ఉండే సెమాగ్లుటైడ్ పేటెంట్ మన దేశంలో 2026 మార్చి దాకానే, హైదరాబాద్ కంపెనీలతో సహా చాలామంది కాచుకుని కూర్చున్నారు. మౌంజారో మందు వేరే, దానికి ఇంకా చాలా ఏళ్లుంది.

పాలసీ_బాధితుడు:
కంపెనీ పాలసీ పోకముందే అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మారమని అడగాల్సింది బ్రో, పాత ఏళ్లు లెక్కలోకి వస్తాయి. కొత్తగా తీసుకుంటే షుగర్‌కు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. షుగర్ ఉందని దాచిపెట్టి మాత్రం తీసుకోకు, మా మామ అట్లే చేస్తే క్లెయిమ్ కొట్టేశారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంత పాలసీల మీద జీఎస్టీ లేదు, అదొక్కటి నయం. కానీ మామూలు పాలసీ నెలనెలా గోలీల డబ్బులివ్వదు, అది దవాఖాన ఖర్చుకే.

పానగల్లు_టెస్టర్:
అందరికీ థాంక్స్. ఇరవై రోజుల తర్వాత రాస్తున్నా. అమ్మ చీటీ విడగొట్టించా, మూడు వేలది ఏడు వందల నలభైకి వచ్చింది. మొదట జన ఔషధి కవర్ చూసి "ఇవి సర్కారు గోలీలు" అని పక్కన పెట్టేసింది, నెల బిల్లు చేతిలో పెట్టాక మింగింది. నా సూది డాక్టర్ ఆపించారు. మెట్‌ఫార్మిన్ పెంచి ఎంపాగ్లిఫ్లోజిన్ కలిపారు, రెండూ నెలకు ఐదు వందల లోపే. ఆకలి మాత్రం పాతదంతా తిరిగొచ్చింది, రాత్రి పదింటికి వంటింట్లో డబ్బాలు వెతుకుతున్నా, రెండు కిలోలు పెరిగా. పరగడుపు 128 ఉంది, ఇంతకుముందు 105 ఉండేది. ఏప్రిల్‌లో మళ్లీ టెస్టు చేయించి, సెమాగ్లుటైడ్ ధర ఎంతకు దిగిందో చూసుకుని రమ్మన్నారు. పాలసీ గురించి హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టా, ఇంకా జవాబు లేదు. హుజూర్‌నగర్ అన్నా, మా పక్కింటి పెద్దాయన ఇంట్లో సిరంజిలు చూశా. నారింజ మూతవే. సీసా తెప్పించి చూస్తే 40.