వర్క్‌షాప్ ఫ్లోర్‌లో చిన్న గుంతలు: ఎపాక్సీనా, సిమెంటా?

నకిరేకల్ ట్రాక్టర్ షెడ్
ట్రాక్టర్ రిపేర్ షెడ్, 4 అంగుళాల బెడ్డు. జాకీలు, గేర్‌బాక్సులు దించే చోట పెచ్చులు లేచినయ్. రూపాయి బిళ్ల సైజు నుంచి అరచెయ్యి దాకా, లోతు 3 నుంచి 12 మి.మీ. మొత్తం 40 దాకా ఉంటయ్. ట్రాలీ చక్రాలు ఇరుక్కుంటున్నయ్. మేస్త్రి సిమెంట్ పూస్తే చాలంటున్నడు, షాపాయన ఎపాక్సీ (రెసిన్, హార్డెనర్ రెండూ కలిపితే గట్టిపడే జిగురు) కొనమంటున్నడు. ఏది నిలుస్తది?

పాలమూరు సివిల్
ఉత్త సిమెంట్ పూత నిలవదు. పలచటి అంచు దగ్గర మాలులోని నీళ్లను పాత కాంక్రీట్ పీల్చేస్తది, సిమెంట్ గట్టిపడకముందే ఎండిపోతది. ఇక చక్రం తగిలితే పొరలా లేస్తది. 10 మి.మీ. లోపు లోతుకు ఎపాక్సీ మాలే.

లెక్క చూడండి: 5×5 సెం.మీ., 1 సెం.మీ. లోతు గుంతకు 25 సి.సి. 40 గుంతలకు లీటరు, అంటే 2 కిలోల మాలు. రెసిన్, హార్డెనర్ కలిపి 400 గ్రాములు, ఎండిన సన్న క్వార్ట్జ్ ఇసుక 1.6 కిలోలు. రెసిన్-హార్డెనర్ పాళ్లు డబ్బా మీద రాసినట్టే, తూకం వేసి కలపాలె. కంటికి అందాజుగా కలిపితే బంకలాగే ఉండిపోతది.

దేవరకొండ మేస్త్రి
సివిల్ సార్, బెడ్డు కింద పాలిథిన్ వేసిన షెడ్లు మన దిక్కు ఎన్ని? కింది నుంచి చెమ్మ వస్తే ఎపాక్సీ బిళ్ల బిళ్లగా ఊడొస్తది. ముందు రెండు అడుగుల పాలిథిన్ ముక్క పరిచి, నాలుగు అంచులా టేపు వేసి ఒక రోజు ఉంచి చూడుమనండి. లోపల నీటి బొట్లు పట్టినా, కాంక్రీట్ నల్లబడ్డా ఎపాక్సీ ముట్టొద్దు.

సిమెంట్‌తో చేసే పద్ధతి వేరే. గ్రైండర్‌కు డైమండ్ బ్లేడ్ వేసి గుంత చుట్టూ 10 మి.మీ. లోతు నిలువుగా కోసి, లోపల శానంతో కొట్టి సాపు చెయ్యాలె. మాస్కు లేకుండా కొయ్యొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని పాడు చేస్తది. రాత్రి తడిపి, పొద్దున నిలిచిన నీళ్లు తుడవాలె. సిమెంట్‌లో ఎస్‌బీఆర్ లేటెక్స్ (అతుకు కోసం కలిపే తెల్లటి రబ్బరు ద్రవం), నీళ్లు సమానంగా పోసి చిక్కటి సిమెంట్ పాలుగా కలిపి బ్రష్‌తో రుద్దాలె. అది తడిగా ఉన్నప్పుడే మాలు నొక్కాలె. ఎండిందంటే అతకడం మాట దేవుడెరుగు, అదే అడ్డుపొర అయితది. మాలు 1:3 (సిమెంట్ ఒకటికి ఇసుక మూడు), కిలో సిమెంట్‌కు 200 మి.లీ. లేటెక్స్, నీళ్లు ముద్ద కట్టేటంతే. రోబో సాండ్ (రాయి పొడి చేసిన ఇసుక) అయితే జల్లించి కడగాలె, దాని పిండి నీళ్లు ఎక్కువ తాగుతది. ఆపైన 7 రోజులు గోనె సంచులు తడుపుడే.

పాలమూరు సివిల్
మీ పద్ధతి బాగుంది గానీ ఆఖరి మాట కాదు. లేటెక్స్ మాలుకు ఒకటి రెండు రోజులే తడి, తర్వాత గాలికి ఆరనియ్యాలె. ఆరితేనే లేటెక్స్ పొర కడ్తది. 7 రోజులు ఉత్త సిమెంట్ మాలుకు. ఇంకోటి, 3 మి.మీ. చిప్పుకు 10 మి.మీ. కొయ్యుడంటే పుండును పెద్దగ చేసుకున్నట్టే.

జడ్చర్ల ఫ్యాబ్రికేషన్
ఇద్దరూ వెల్డింగ్ సంగతి మరిచిన్రు. మామూలు ఎపాక్సీ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడ్తది, వెల్డింగ్ నిప్పురవ్వ పడితే కాలుతది. వెల్డింగ్ మూలకు సిమెంటే. ఎండ పడే షట్టర్ దగ్గర కూడా ఎపాక్సీ పసుపెక్కి పొడి రాలుతది.

మే నెలలో అయితే ఎపాక్సీని పావుకిలోకు మించి ఒక్కసారి కలపొద్దు, బకెట్‌లో అసలే వద్దు. కుప్పగా ఉంటే వేడెక్కి పొగలు వస్తయ్. వెడల్పు పళ్లెంలో పరిచి తెల్లవారుజామున పని కానియ్యాలె. చేతికి గ్లవ్స్ తప్పనిసరి.

నకిరేకల్ ట్రాక్టర్ షెడ్
ఆయిల్ పీల్చిన చోటు ఏం చెయ్యాలె?

దేవరకొండ మేస్త్రి
నీటి చుక్క వేసి చూడండి. ముత్యంలా నిలిస్తే నూనె ఇంకా ఉన్నట్టే. డిగ్రీజర్ (నూనె జిడ్డు వదిలించే మందు) పోసి గట్టి బ్రష్‌తో రుద్ది, వేడి నీళ్లతో కడిగి, మళ్లీ చుక్క వెయ్యాలె. మూడోసారి కూడా పీల్చకపోతే ఆ పొర తవ్వి తియ్యాల్సిందే. ఈ ఒక్క పని వదిలేస్తే ఎపాక్సీ అయినా సిమెంట్ అయినా ఒకటే గతి.

పాలమూరు సివిల్
ఇక్కడ మేస్త్రితో నాకు పేచీ లేదు. పాలిథిన్ పరీక్ష మాత్రం వాన పడ్డాక కూడా చెయ్యమంట. ఏప్రిల్‌లో పొడిగా చూపిన బెడ్డు ఆగస్టులో చెమ్మ పట్టొచ్చు.

దేవరకొండ మేస్త్రి
అట్లయితే ఎపాక్సీకి మా జిల్లాలో నాలుగు నెలలే మిగుల్తయ్ సార్!