టోబే న్విగ్వే పాటలు మీకు ఎలా పరిచయమయ్యాయి?

చినుకు:
ర్యాప్ అంటే బంగారు గొలుసులు, కార్ల గొప్పలు అనుకుని ఇన్నేళ్లు దూరంగా ఉన్నాను. పోయిన నెల మా తమ్ముడు అమెరికన్ ర్యాపర్ టోబే న్విగ్వే పాట ఒకటి వినిపించాడు. ఆ బొంగురు గొంతు వెనుక ఆడవాళ్లు సోల్ బాణీలో (అమెరికా నల్లజాతివారి భావోద్వేగ గాన శైలి) అందుకునే చోట ఒళ్లు పులకరించింది. అప్పటి నుంచి వదల్లేదు. మీరు ఎలా విన్నారు? నేను ఎక్కడ మొదలుపెట్టాలి?

హ్యూస్టన్ వాసి:
చినుకు గారూ, ఆయన మా ఊరివాడే. టెక్సస్‌లోని హ్యూస్టన్ నగరానికి నైరుతిన ఉన్న అలీఫ్ అనే పేటలో పెరిగాడు. తల్లిదండ్రులు నైజీరియా నుంచి వచ్చిన ఇగ్బో తెగవారు. ఆ దారిన రోజూ ఆఫీసుకు వెళ్తాను. వియత్నాం, చైనా, ఆఫ్రికా దుకాణాలన్నీ ఒకే వరుసలో ఉంటాయి. అతడి పాటల్లో ఆ వీధులు వినిపిస్తాయి.

మొదటి వీడియోలతో మొదలుపెట్టండి. ఆదివారం ఆదివారం ఒకటి విడుదల చేసేవాడు. భార్య ఫ్యాట్ అతడి జుట్టు పాయలు తీసి మెలిపెడుతూ ఉంటుంది, అతడు కూర్చుని ర్యాప్ చేస్తుంటాడు. అంతే. అమ్మ నూనె రాసి జడ వేస్తుంటే కదలకుండా కూర్చుని పద్యాలు అప్పజెప్పిన రోజులు గుర్తొచ్చి, నాకు గొంతు పట్టేసింది. అప్పట్లో సంగీతం సమకూర్చిన నెల్ కూడా ఆ ఇంటి మనిషిలాగే ఉండేది.

కూత:
నేను కబడ్డీ ఆడేవాణ్ణి. జిల్లా జట్టులో ఉండగా మోకాలి లిగమెంట్ తెగింది. ఎనిమిది నెలలు మంచం, గోడ, ఫోను. అప్పుడు తెలిసింది, ఇతడు నార్త్ టెక్సస్ విశ్వవిద్యాలయం తరఫున అమెరికన్ ఫుట్‌బాల్ ఆడేవాడని, పాదం దెబ్బతిని ఆ కల అక్కడే ఆగిపోయిందని. తర్వాత పిల్లల కోసం ఒక స్వచ్ఛంద సంస్థ పెట్టాడు. దాని పేరు ఇగ్బోలో ‘నీ జీవిత లక్ష్యం ఏమిటి?’ అన్న ప్రశ్న నుంచి వచ్చింది. పాటలు ఆ తర్వాతే. ‘అంతా మంచికే’ అని నాతో అందరూ అన్నారు, ఎవరి మాటా చెవికెక్కలేదు. ఇతడు చెబితే ఎక్కింది, ఆ నొప్పి తెలిసినవాడు కాబట్టి. ఇప్పుడు మా ఊరి బడిలో పిల్లలకు కూత నేర్పుతున్నాను.

వేపచెట్టు:
ఊరట మాటలే కాదు, నిలదీత కూడా ఉంది. 2020లో అమెరికాలో బ్రియానా టేలర్ అనే నల్లజాతి యువతిని పోలీసులు ఆమె ఇంట్లోనే కాల్చి చంపారు. ఆమె కోసం చేసిన పాట కేవలం 44 సెకన్లు. అందరూ లేత ఆకుపచ్చ దుస్తుల్లో నిలబడి, కాల్చినవారిని అరెస్టు చేయమని అడుగుతారు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “ఆమె ఎవరమ్మా?” అని అడిగింది. ఆ రాత్రి ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం.

చినుకు:
2023 గ్రామీ సంగీత పురస్కారాల్లో ఉత్తమ నూతన కళాకారుల విభాగంలో నామినేషన్ వచ్చిందని చదివి, కొత్తవాడే అనుకున్నాను. ఇన్నేళ్ల కష్టం ఉందన్నమాట! కూత గారూ, మీ మాట మా తమ్ముడికి చదివి వినిపించాను. వాడికీ ఈ మధ్యే కాలు విరిగింది. మంచం మీద కూర్చుని ఆ జుట్టు మెలిపెట్టే వీడియోలు వరుసగా చూస్తున్నాడు.